కాకికాలు గుర్తు

ఇరవై మూడు, మళ్ళీ ఇరవై మూడే, సుద్దతాడు లాగి వదలగానే దుంగ కోతముఖం మీద పడ్డ తెల్లగీతలని కొలకర్రతో చూసుకుని జోతమ్ తన చేతిని తనే తిట్టుకున్నాడు, ఎవడు చెప్పాడు నీకు ఇరవై మూడని, ఈ దుంగ అడ్డంగా మూడడుగుల పైచిలుకు ఉంది, అంచు నుంచి అంచు దాకా ఒకే పలకగా కోద్దామని కదా నిన్న ఆరు జతల ఎడ్లని పెట్టి మిల్లు దాకా ఈడ్పించింది, హిట్టీకి అతుకు లేని బల్ల చేసిపెడదామని కదా, పెళ్ళైన దగ్గర్నుంచి ఆ మనిషి నోరు తెరిచి అడిగింది అదొక్కటే, రెండు పలకలు కలిపిన బల్ల మీద రొట్టె కోస్తే పొడంతా సందులోకి పోతోందయ్యా, ఆ సందులో పడ్డ తిండితో ఇంకో సంసారం బతకొచ్చు అని నవ్వుతూనే అంటోంది పాతికేళ్ళుగా, తను మాత్రం ఏం చెయ్యగలడు, అడ్డంగా ఇరవై నాలుగు అంగుళాలు దాటిన తెల్ల పైన్ చెట్టు ఎవడి నేలలో మొలిచినా అది రాజుగారిది, రాజుగారి యుద్ధ ఓడలకి తెరచాప స్తంభం, కొట్టినవాడు దొంగ, అందుకని ఈ నది పొడుగునా ఏ మిల్లులోనూ ఏ రంపమూ ఇరవై మూడు దాటిన పలక కొయ్యలేదు, చాటుగా పెద్ద చెట్టు పడగొట్టినా దాన్ని ఇరవై మూడుకి చెక్కి, మిగిలిన నిఖార్సైన కలపని పొయ్యిలో పెట్టి తగలేసేవాళ్ళు, ఎంత మంచి చెక్క బూడిదైపోయిందో తలుచుకుంటే కడుపు రగిలిపోతుంది, రాజుగారి ఓడలు బోస్టన్ వదిలిపోయి రెండు నెలలైంది, అడవుల సర్వేయరు దొర పెట్టే బేడా సర్దుకుని పారిపోయి ఏడాదైంది, లోకమంతా తెలిసిన కబురు ఈ చేతికి మాత్రం ఇంకా అందలేదు, అది దాని మానాన ఇరవై మూడు దగ్గర గీత కొట్టి కూర్చుంది.

ఇదంతా అబ్నర్ వస్తాడన్న కంగారే, ఎండ ఆనకట్ట మీదికి ఎక్కేలోపు వస్తానన్నాడు, హిట్టీకి అన్న, తనకి బావ, ఊరి కమిటీలో పెద్ద, టోపీలో ఆ కాయితం పెట్టుకుని వస్తాడు, పదహారేళ్ళు దాటిన ప్రతి మగవాడూ దాని కింద పేరు రాయాలని బోస్టన్ సభవాళ్ళు పంపిన కాయితం, మొన్న ఆదివారం ప్రసంగం అవగానే ప్రార్థన మందిరంలోనే బల్ల వేసి, సిరాబుడ్డి పెట్టి, ఒక్కొక్కణ్ణి పిలిచారు, ఊరంతా వరసకట్టి రాసింది, చూపు ఆనని ముసలి ఎనోస్ కూడా మనవడి భుజం పట్టుకుని వెళ్ళి గీత గీశాడు, తను మాత్రం మిల్లు తూము కారుతోంది, చూసుకుని వస్తానని గొణిగి పక్క తలుపులోంచి జారుకున్నాడు, మధ్యాహ్నం దాకా ఆనకట్ట మీద కూర్చున్నాడు, తూము కారడం లేదు, ఒక్క చుక్క కూడా, సంతకం పెట్టినవాళ్ళు రేపు రాజు గెలిస్తే ఉరికంబం ఎక్కాలి, పెట్టనివాడి తుపాకీ ఇవాళే పట్టుకుపోతారు, రాజుపక్షం వాడని తలుపు మీద తారు పూస్తారు, వాడి మిల్లులో చెక్క కోయించుకునేవాడు ఉండడు, పెళ్ళాం నీళ్ళకి వెళితే పలకరించేవాళ్ళు ఉండరు, అందుకని ఉరికి భయపడుతున్నాడని అనుకుంటోంది ఊరు, హిట్టీ కూడా అదే అనుకుంటోందేమో, పొద్దున రాస్ప్‌బెర్రీ ఆకుల కషాయం గిన్నె ముందు పెట్టి, ఏమయ్యా, మెడ నొప్పిగా ఉందా, ఊరికే తడుముకుంటున్నావు అంది, నవ్విందో నవ్వలేదో తెలీలేదు, ఉరి కాదే, ఉరైతే నయం, ఒక్క క్షణం, అసలు సంగతి ఆ కాయితంలో ఉన్న ఒక్క ముక్క, రాజుగారి ఓడ సైన్యానికి గానీ నేల సైన్యానికి గానీ ఏ విధమైన సాయమూ చెయ్యను అని, ఆ ముక్క కింద తన పేరు ఎట్లా రాస్తాడు, చేసినవాడు.

చేశాడు, మూడు చలికాలాలు, అప్పటికి ఫ్రెంచివాళ్ళతో యుద్ధం అయిపోయి ఏడాది, కూతురు డోర్కస్ పుట్టిన ఏడు, పుట్టిన దగ్గర్నుంచి ఆ పిల్ల గుండెల్లో పిల్లి కూతలే, వైద్యుడు కావాలన్నా నది కిందికి రెండు రోజుల ప్రయాణం, వాగు గడ్డకట్టి మిల్లు ఆగిపోయింది, అప్పుడొచ్చాడు సర్వేయరు దొర, రాగిరంగు గుర్రం మీద, వెనక ఒక గుమాస్తా, నీకు చెట్లు తెలుసునట గదా, రోజుకి రెండు షిల్లింగులు, నోరు మూసుకుని చేస్తే ఇంకో అర అన్నాడు, పని ఏముంది, పై కొండకి పోవడం, ఇరవై నాలుగు దాటిన చెట్టు దగ్గర ఆగడం, గొడ్డలి వెనక్కి తిప్పి కాండం మీద తట్టి చెవి పెట్టడం, డొల్ల లేదని తేలితే మూడు దెబ్బలు, మధ్యలో ఒకటి నిలువుగా, అటొకటి ఇటొకటి ఏటవాలుగా, కాకి మంచులో కాలు పెట్టి లేచినట్టు, అది రాజుగారి బాణం గుర్తు, ఆ గుర్తు పడ్డాక ఆ చెట్టు నీడ కూడా రాజుదే, తట్టడం, వినడం, కొట్టడం, మూడు దెబ్బలకీ మూడు చెక్క చిల్లలు మంచులో పడేవి, ఎవరూ లేరు, ఎవరూ చూడలేదు, అబ్నర్ నేలలో ఊట పక్కన ఉన్న చెట్టు, వాళ్ళ నాన్న కొట్టకుండా ఉంచిన చెట్టు, ఇల్లు కట్టుకుంటే దూలం దీన్నే వేస్తానని అబ్నర్ పెళ్ళికి ముందు నుంచీ చెప్పుకునే చెట్టు, దాని ముందు నిలబడి తట్టాడు, గంటలా మోగింది, డొల్ల ఉండకూడదా నీకు అని చెట్టునే తిట్టాడు, గుమాస్తా వెనకే చూస్తున్నాడు, కొట్టాడు, ఫిబ్రవరిలో డోర్కస్ పోయింది, షిల్లింగులు జేబులో ఉండగానే పోయింది, నేల గడ్డకట్టి గొయ్యి తవ్వడానికి వీల్లేక ఏప్రిల్ దాకా ఆ చిన్న పెట్టె కొట్టంలో ఉంది, మొదటి చలికాలం అంటే పిల్ల కోసం, రెండోది మిల్లుకి కొత్త రంపం కోసం, మూడోది ఎందుకు వెళ్ళాడో తనకే తెలీదు, పిలిచాడు, వెళ్ళాడు, ఎవరైనా అడిగితే చెప్పడానికి కారణం కూడా లేదు, అది తలుచుకున్నప్పుడే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు.

ఆ రోజుల్లో రాజంటే కోపం ఎవరికి, అదే కదా తమాషా, కెనడాలో ఫ్రెంచివాళ్ళ కోట పడిందని కబురొస్తే కొండ మీద నెగడు వేసి, ఆపిల్ సైడర్ పీపా బద్దలుకొట్టి, రాజు చల్లగా ఉండాలని గొంతు పోయేదాకా అరిచినవాడు తను, తన జతలో మంచి ఎద్దుకి రాజుగారి పేరే, జార్జ్ అని పెట్టింది ప్రేమతోనే, ఠీవిగా నడిచేది, ఆ పేరు పిలిస్తే దారినపోయేవాళ్ళు టోపీ ఎత్తేవాళ్ళు, తరవాత ముద్ర కాయితం వచ్చింది, పెళ్ళికీ చావుకీ పొలం రాతకీ ప్రతి కాయితానికీ రాజుగారి ముద్ర ఉండాలి, ముద్రకి సుంకం, మమ్మల్ని అడక్కుండా మా మీద సుంకమేంటి, మా తరఫున అక్కడ ఎవడు కూర్చున్నాడు అని మందిరం మెట్ల మీద అబ్నర్ మొదటిసారి గొంతు లేపాడు, ఆ ఏడు నుంచి ఎద్దుని పేరు పెట్టి పిలిస్తే పిల్లలు కిసుక్కున నవ్వడం మొదలైంది, తరవాత తేయాకు మీద సుంకం, ఆడవాళ్ళు కెటిల్ కడిగి బోర్లించి ఆకులూ అలములూ కాచి తాగుతూ ఎంత బాగుందో అని ఒకళ్ళకొకళ్ళు అబద్ధాలు చెప్పుకున్నారు, తరవాత చెట్ల జరిమానా, పై ఊరి మిల్లు వాకిట్లో దుంగలన్నిటికీ బాణం గుర్తు కొట్టి, కోసినవాళ్ళని దొంగలని రాసుకుపోయారు, మా నేలలో మొలిచిన చెట్టుకి మేం దొంగలమా, చలికి మేం చావాలి, కలపకి వాడు రాజా, అప్పుడు జార్జ్‌ని కర్రతో ఒక్కటి అంటిస్తే చాలు, వీధిలో చప్పట్లు, ఇంకోటి వెయ్యవోయ్, లండన్ దాకా వినపడాలి అనేవాళ్ళు, పాపం ఆ ఎద్దు ఏం చేసిందని, నిక్షేపంగా నాగలి లాగింది చచ్చేదాకా, పేరు మారలేదు, ఎద్దు మారలేదు, పిలిచే గొంతులే మారాయి, తను కూడా అరిచాడు అందరితో పాటు, అందరికంటే గట్టిగానే అరిచాడు, అడవిలో గుర్తులు కొట్టిన కుక్క ఎవడో దొరికితే చెవులు కోస్తాం అని ఎవడో అంటే కొయ్యాల్సిందే అని కూడా అన్నాడు, తన చెవులు తన తల మీదే వేడెక్కుతుండగా, సర్వేయరు దొరని తెల్లవారుజామున సత్రంలోంచి బయటికి లాగి, మొహాలకి మసి పూసుకున్న వాళ్ళు పైన్ కొమ్మలతో వాడి వీపు చదునుచేస్తుంటే గుర్రం కళ్ళెం పట్టుకుంది తనే, టోపీ కిందికి లాక్కుని, వీడిప్పుడు వేలెత్తి చూపిస్తాడు, వీడు నా మనిషే అంటాడు, అయిపోయింది అనుకుంటుంటే దొర తలెత్తి సూటిగా మొహంలోకి చూశాడు, చూసి చూపు తిప్పుకున్నాడు, దాచాడనుకున్నాడు తను, కాదు, దొరకి తన మొహమే గుర్తులేదు, మూడు చలికాలాలు వెనక నడిచినవాడి మొహం, కళ్ళెం పట్టుకునే చేతులన్నీ ఆయనకి ఒకటే.

పోయినేడాది అక్టోబరులో రేవు పట్నం ఫాల్మత్ తగలబడింది, రాజుగారి ఓడలు రేవులో వరసగా నిలబడి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గుండ్లు కురిపించాయి, హిట్టీ చెల్లెలు ఒక రాగి కెటిల్, ఒక దుప్పటి, అంతే, మూడు రోజులు నడిచి వచ్చి ఈ గుమ్మంలో కూలబడింది, మొదట చెప్పింది ఇళ్ళ గురించి కాదు, ఆ ఓడల స్తంభాలు ఎంత పొడుగున్నాయి బావా, పొగ పైకి లేచినా ఆ మొనలు కనిపిస్తూనే ఉన్నాయి అంది, ఆ మాట విన్నాక తను కొట్టంలోకి వెళ్ళి వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టాడు, కొట్టిన చెట్టు ఆరి ఓడెక్కడానికి ఎన్నాళ్ళు, పదేళ్ళు చాలు, ఆ మొనల్లో ఒకటి ఊట పక్క చెట్టు కాదని ఎవడు చెప్పగలడు, బోస్టన్ చుట్టూ కాపలాకని రూఫస్ తుపాకీ భుజాన వేసుకుని పోయినప్పుడు కొడుకు కళ్ళలోకి చూడలేక గుర్రపు నాడా సరిచేస్తున్నట్టు వంగున్నాడు, నాన్నా వెళ్ళొస్తా అన్నాడు వాడు, ఊఁ అన్నాడు తను, ఆ ఊఁ తరవాత ఐదు నెలలు నిద్ర లేదు, వాడు తిరిగొచ్చాడు, ఏప్రిల్ బురదలో, చిక్కి, దగ్గుతూ, ఒక బూటుకి అడుగు లేకుండా, తిరిగొచ్చాడు, అదొక్కటే చాలు దేవుడా, ఇంకేం అడగను అనుకున్నాడు, కానీ వాడు వచ్చిన మర్నాడే ఆ కాయితం వస్తుందని తెలీదు, వాడు ఆదివారం మూడోవాడిగా నిలబడి పేరు రాసి, నాన్న ఎక్కడ అని వెనక్కి తిరిగి చూశాడని హిట్టీ చెప్పింది, చెప్పి బల్ల సందులో పడ్డ రొట్టెపొడి గోటితో తీసుకుంటూ కూర్చుంది.

ఏం బావా, తూము కారడం ఆగిందా, లేక నీకే కారుతోందా, అదిగో వచ్చాడు, ఆనకట్ట మీద నుంచే కేక, నీళ్ళ హోరుని దాటి వచ్చే గొంతు, అబ్నర్ అడుగు వేస్తే పలకలు మూలుగుతాయి, ఎద్దంత మనిషి, రావడం రావడమే దుంగ దగ్గర ఆగి, వంగి గీతలు చూసి, ఇదేంటి బావా, పెళ్ళీడుకొచ్చిన పిల్లాడికి చిన్నప్పటి మొలతాడు కట్టావేంటి అన్నాడు, టోపీ తీశాడు, లోపలి నుంచి మడత కాయితం తీశాడు, కొమ్ముబుడ్డిలో సిరా, చెవి మీద ఈక కలం, హిట్టీ బీన్స్ పొయ్యి మీద పెట్టిందట, నీ పేరు పడితే నాకూ ఒక గిన్నె, పడకపోతే నీకు కూడా లేదంది, కాబట్టి త్వరగా కానీ, నాకాకలి అన్నాడు, చదవమన్నాడు జోతమ్, నీకు చదువొచ్చు గదా అన్నాడు అబ్నర్, నువ్వే చదువు బావా, పైకి చదువు, సరేనని అబ్నర్ చేతులు చాచి దూరంగా పెట్టుకుని చదివాడు, ఈ వలస రాజ్యాలు చేస్తున్న యుద్ధం న్యాయమని నమ్ముతున్నాం, అదీ ఇదీ, రాజుగారి ఓడ సైన్యానికి గానీ నేల సైన్యానికి గానీ ఏ విధమైన సాయమూ చెయ్యను, అక్కడ ఆపు అన్నాడు జోతమ్, చెయ్యను అని రాయిస్తే ఎట్లా బావా, చేశాను, ఏం చేశావు, గుర్తులు కొట్టింది నేనే, ఏ గుర్తులు, బాణం గుర్తులు, పై కొండ మీద, మూడు చలికాలాలు, ఊట పక్కన నీ చెట్టుకి కూడా, నేనే.

చెప్పేశాడు, ఇంత చిన్న మాటా అది, నోట్లోంచి పడితే వాగు చప్పుడులో సగం వినపడను కూడా లేదు, అబ్నర్ కాయితం మడిచి దుంగ మీద కూర్చున్నాడు, మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు, ఆ పెద్ద భుజాలు కదులుతున్నాయి, ఏడుస్తున్నాడనుకున్నాడు జోతమ్, పన్నెండేళ్ళ కిందటి చెట్టుకి ఇప్పుడు ఏడిపించాను అనుకున్నాడు, మెల్లిగా ఒక కూత బయటికొచ్చింది, ఏడుపు కాదు, వీడు నవ్వుతున్నాడు, కళ్ళనీళ్ళు కారేటట్టు, పొట్ట పట్టుకుని, అయ్యో నా వెర్రి బావా, అయ్యో, ఎవరికీ తెలీదనుకున్నావా, ఈ నదికి అటూ ఇటూ కలిపి పుర్రచేత్తో గొడ్డలి పట్టేవాడు నువ్వొక్కడివి కదయ్యా, కాకికాలుకి ఎడంవేలు అంగుళం లోతు ఎక్కువ దిగి ఉంటుంది, చిల్ల అవతలి పక్కకి లేచి ఉంటుంది, ఆ చెట్టు చూసిన ఏ గుడ్డివాడైనా చెప్తాడు జోతమ్ వచ్చి వెళ్ళాడని, ఒక్కో చెట్టు మీదా సంతకం పెట్టి మరీ పోయావు, నన్నిప్పుడు ఈ కాయితం మీద ఒక్కదానికి బతిమాలించుకుంటున్నావు, ఊరందరికీ తెలుసా అని అడిగాడు జోతమ్, ముసలి ఎనోస్‌కి కూడానా, ఎనోస్ తడిమి చెప్పాడు, మరి చెవులు కోస్తామన్నారు గదా, అది రెండో కుక్క గురించి, ఆ కింద ఊరి వాడు, పుచ్చిన చెట్టుకీ పనికిరాని చెట్టుకీ కొట్టేవాడు, వాడి గుర్తు నమ్మి అర్ధరోజు చెమటోడ్చి చెట్టు పడగొడితే లోపల చీమల పుట్ట, నీ గుర్తు అట్లా కాదే, నువ్వు తట్టి, విని, డొల్ల లేదంటేనే కొడతావు, నీ కాకికాలు ఉందంటే లోపల ఇనుమే, ఇంక వెతుక్కోవాల్సిన పని లేదు, మంచులో మూడేసి మైళ్ళు తిరిగి చెట్లు తట్టే బాధ తప్పించావు మాకు, నువ్వు ముందు పోతుంటే మేం వెనక వచ్చి కొట్టుకుపోయేవాళ్ళం, నా అటక ఎక్కి చూడు ఒకసారి, ఒక్కో పలక ముప్పై అంగుళాలు, ముప్పై రెండు, మిల్లుకి తేకుండా రాత్రిళ్ళు చేతిరంపంతో కోసి, పైన గడ్డి కప్పి ఉంచాం, అదంతా రాజుగారి అడవే, నువ్వు ఎంచిపెట్టిందే, మా ఆవిడ నీ పేరు చెప్పుకుని దాని మీద ఉల్లిపాయలు ఆరబెడుతుంది.

జోతమ్ కూడా దుంగ మీదే కూర్చున్నాడు, నవ్వాలో కొట్టాలో తెలీలేదు, మరి ఓడలకి పోయినవి అన్నాడు, అబ్నర్ నవ్వు తుడుచుకున్నాడు, వేళ్ళు మడిచాడు, నాలుగు అన్నాడు, నువ్వు యాభై కొడితే నాలుగు పోయాయి నది కిందికి, నాలుగు పోయాయి, అబద్ధం చెప్పను, ఫాల్మత్ ముందు నిలబడ్డవాటిలో ఒకటి ఉందో లేదో నాకు తెలీదు, దేవుడికి తెలియాలి, కానీ ఆ నాలుగూ కాళ్ళొచ్చి నడిచి పోలేదు గదా, ఒక్కోదానికి నలభై జతల ఎడ్లు, అందులో నా జత ఉంది, ఎనోస్ జత ఉంది, నీ జార్జ్ ఉన్నాడు, దారి చదును చేసింది మన మందిరం పెద్ద డీకన్‌గారు, పాపంలో నువ్వొక్కడివే పెద్ద పోటుగాడివని అనుకోకు, కూలి ఇస్తానంటే ఊరంతా కట్టాం, మరి ఊట చెట్టో, అడక్కుండా ఉండలేకపోయాడు, అబ్నర్ ఒక చెక్క చిల్ల తీసి నీళ్ళలోకి విసిరాడు, దానికి మాత్రం ఆ చలికాలమంతా నిన్ను చంపుదామనే అనుకున్నాను, నిజం చెప్తున్నా, ఒకసారి వచ్చాను కూడా, ఏప్రిల్‌లో, మీ కొట్టం దాకా, హిట్టీ ఆ చిన్న పెట్టె మీద మంచు దులుపుతోంది చీపురుతో, నన్ను చూసి, అన్నయ్యా, నేల మెత్తబడిందంటావా, ఇవాళ తవ్వొచ్చా అంది, పార తీసుకుని నేనే తవ్వాను, నువ్వు ఇవతల నిలబడి ఉన్నావు, నీకు గుర్తులేదేమో, గుర్తుంది, గుర్తు లేకుండా ఎట్లా ఉంటుంది, ఆ రోజు అబ్నర్ ఎందుకొచ్చాడో మాత్రం ఇప్పుడు తెలిసింది, పార పట్టుకోడానికి వచ్చాడనుకున్నాడు ఇన్నాళ్ళూ, ఆ తరవాత కోపం ఎక్కడికి పోయిందో నాకే తెలీదు బావా, వెతుక్కున్నా దొరకలేదు, రెండేళ్ళకి ఆ చెట్టు నేనే కొట్టుకున్నాను, మా ఇంటి దూలం అదే, మీద చెక్క తొడిగాను గుర్తు కనపడకుండా.

పన్నెండేళ్ళు, పన్నెండేళ్ళు రాయి మింగినట్టు మోశాను, ఒక్కడైనా ఒక్క మాట చెప్పొచ్చు కదరా, జోతమ్ అరిచాడు, నిజంగానే అరిచాడు, చెప్తే నువ్వు మానేస్తావు, అప్పుడు మాకు చెట్లు ఎవడు ఎంచిపెడతాడు అన్నాడు అబ్నర్, మానేశాకైనా చెప్పొచ్చు గదా, మానేశాక చెప్తే సిగ్గుతో ఊరొదిలి పోతావు, మిల్లు ఎవడు తిప్పుతాడు, రంపం చప్పుడుకే పారిపోయే నీ తమ్ముడా, ఆ మాటకి నవ్వు వచ్చేసింది, ఎక్కడినుంచో, కడుపు అడుగునుంచి, ఎక్కిళ్ళలా, ఇద్దరు ముసలి ఎద్దులు దుంగ మీద కూర్చుని ఊగుతూ నవ్వుతున్నారు, హిట్టీకి తెలుసా అని అడగబోయి మానేశాడు, తెలుసు, తెలియకేం, పొద్దున మెడ నొప్పిగా ఉందా అన్నది అందుకే, ఇంటికెళ్ళాక దాని సంగతి చెప్పాలి, కాదు, దాని ముందు కూర్చుని బీన్స్ తినాలి, గిన్నె నాకాలి, ఎన్నేళ్ళైందో తిన్నదాని రుచి తెలిసి, అబ్నర్ లేచి మోచేత్తో దుంగ మీద సుద్దగీతలు తుడిచేశాడు, పట్టు ఆ కొస, ఈ అంచు దాకా, ఇంకా, బెరడు దాకా లాగు, భయమెందుకు, కరవదు, తాడు బిగిసింది, వదిలారు, తెల్లగీత ఈ చివర నుంచి ఆ చివరికి పడింది, ముప్పై ఏడు అంగుళాలు, అంత వెడల్పు గీత తన మిల్లులో తను ఎప్పుడూ చూడలేదు, నది అడ్డంగా దాటినట్టుంది, దాని పక్కనే కాయితం పరిచి, కలం ముంచి పేరు రాశాడు, పుర్రచెయ్యి కదా, రాస్తున్న చెయ్యే తడి సిరా మీద పాకి పేరులో సగం అలికేసింది, చూడు దీన్ని కూడా గుర్తుపట్టేటట్టే పెట్టావు, రాజు గెలిస్తే నిన్ను వెతుక్కోనక్కర్లేదు అని అబ్నర్ కాయితం మీద ఊది, టోపీలో పెట్టుకుని, త్వరగా రా, నీ వంతు కూడా తినేస్తా అంటూ ఆనకట్ట ఎక్కాడు.

వెళ్ళనీ, తింటే తిననీ, ఇంకాసేపు ఇక్కడే కూర్చోవాలి, ఒళ్ళు ఇంత తేలిగ్గా ఉంటే లేచి నడిస్తే పడిపోతానేమో, గాలి బాగుంది, కోసిన పైన్ వాసన, కరిగిన మంచునీళ్ళ వాసన, రాజు గెలవచ్చు, ఓడలు మళ్ళీ రావచ్చు, ఉరితాడు ఉరితాడే, అది ఎటూ పోలేదు, దాన్ని అందరం కలిసి మోద్దాం, అది వేరు బరువు, కానీ ఈ రాజు, ఈ రాజు ఎక్కడున్నాడు ఇన్నాళ్ళూ, ముప్పై ఏళ్ళలో ఈ ఊళ్ళో ఎర్రకోటు సిపాయి ఒక్కడు కనపడ్డాడా, లేదు, ఒక్కడూ లేడు, లెక్కపెట్టు జోతమ్, ఒక సర్వేయరు, ఒక గుమాస్తా, రెండు గుర్రాలు, ఏడాదికి పది రోజులు, అంతే, కొండ మీద రెండు వేల చెట్లు, ఊళ్ళో తొంభై గొడ్డళ్ళు, మరి ఆ రాజు మూడు వేల మైళ్ళ అవతల కూర్చుని ఈ చెట్ల మీద గుర్తు ఎట్లా కొట్టాడు, వాడికి ఇక్కడ చేతులెక్కడివి, ఎడ్లెక్కడివి, వాడు కొట్టలేదు, నేను కొట్టాను, వాడు లాగలేదు, జార్జ్ లాగింది, ఎనోస్ తోలాడు, డీకన్‌గారు దారి వేశారు, సత్రంలో కొట్టింది సర్వేయరు వీపునే గానీ, ఆ వీపు కంటే ముందు ఆపుకోవాల్సినవి మా చేతులే, పిల్ల బతుకుతుందేమోనని మొదటిసారి వెళ్ళాను, దానికి నన్ను నేను క్షమించుకుంటాను, రెండోసారి రంపం కోసం, దానికీ ఏదో ఒకటి చెప్పుకుంటాను, మూడోసారి, ఆ మూడోసారి ఏ కారణమూ లేకుండా గొడ్డలి తీసుకుని వెనక నడిచాను చూడు, అప్పుడు గుమ్మంలో నిలబడి, రానండీ, నేను రాను, నాకు పనుంది అని ఉంటే ఏమయ్యేది, ఏం చేసేవాడు దొర, ఎవర్ని పిలిచేవాడు, ఎవరున్నారు వాడికి, ఏమీ అయ్యేది కాదు, కాసేపు నన్ను చూసి, గుమాస్తాని చూసి, రాగిరంగు గుర్రం మెడ తిప్పుకుని, వచ్చిన దారినే పోయేవాడు, అంతే, అంతే కదా.